లౌడుస్పీకరు బాకా: కంటికి కనబడని పని

మనుష్యుడు తాను చేసిన వస్తువును ఇతరులకు చూపదలచినపుడు, చూచువారి కన్ను ఏ భాగముపై మొదట పడునో ఆ భాగమునే మిక్కిలి శ్రద్ధతో తీర్చుట లోకసహజము. వీధివాకిలికి రంగు వేయించి దొడ్డిగోడను విడిచిపెట్టుటయు, పుస్తకమునకు చక్కని అట్ట వేసి లోపలి కుట్టును వదులుగా నుంచుటయు మనమందరమును ఎరిగినవే. కొన్ని వస్తువుల విషయమున ఈ అలవాటువలన గొప్ప నష్టము కలుగదు. కాని ఇంటియందు చేతితో చేసికొను లౌడుస్పీకరు బాకా విషయమున ఇది పనినంతయు చెరచును. ఏలయనగా, బాకాయందు కంటికి కనబడు భాగము చెవికి కొంచెముగా మాత్రమే పనికివచ్చును; చెవికి మిక్కిలి ముఖ్యమైన భాగము కంటికి దాదాపుగా కనబడనే కనబడదు. ఈ సంగతిని బాకాలు చేయు విద్యార్థులకును, వారి పనిని చూచి సంతోషించు తలిదండ్రులకును, ప్రదర్శనములయందు మార్కులు వేయు ఉపాధ్యాయులకును విన్నవించుటకై ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మొదట బాకా యేమి చేయునో చెప్పవలసియున్నది. చేనిలో మంచెపై నిలిచి పిట్టలను తోలు కాపరి, ఆవలి గట్టుననున్న వానిని పిలువవలసినపుడు రెండు అరచేతులను నోటికి ఇరుప్రక్కల దొప్పవలె పట్టి కేకవేయును. ఆతడే శాస్త్రమును చదువలేదు. ఐనను ఆతడు చేసినది బాకాయే. పలుచని పొర యొకటి విశాలమైన గాలిలో అదరినపుడు ఆ గాలి ప్రక్కలకు తప్పించుకొనును. పొర పడిన శ్రమలో అధికభాగము వ్యర్థమగును. ఆ పొర యెదుట సన్నని గొట్టము నుంచి, దానిని క్రమక్రమముగా వెడల్పు చేసికొనిపోయినయెడల, గాలికి తప్పించుకొను త్రోవ యుండదు. పొర గాలిని గట్టిగా నెట్టగలుగును. ఆ నెట్టుడు గొంతునుండి నోటివరకును మెల్లగా వ్యాపించి, విశాలమైన బయటిగాలితో చిక్కులేక కలిసిపోవును. సామాన్యమైన కాగితపు శంకువుగల స్పీకరు ఒక వాట్టు విద్యుచ్ఛక్తితో ఒక మీటరు దూరమున 85 మొదలు 90 డెసిబెల్లుల వరకు ధ్వని నిచ్చును. చక్కని డ్రైవరును బిగించిన బాకా అంతే శక్తితో 105 డెసిబెల్లులను గాని అంతకు మించి గాని ఇయ్యగలదు. ప్రతి పది డెసిబెల్లులకును శక్తి పదిరెట్లగును గనుక ఈ భేదము అల్పమైనది కాదు.

ఈ విద్య పెద్ద కార్మాగారములలో పుట్టినది కాదనుట విద్యార్థులకు ఉత్సాహకరమైన సంగతి. పీటరు జెన్సెను, ఎడ్విను ప్రిధాము అను ఇరువురు 1915లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, నాపా అను చిన్న పట్టణమున, తమ యింటి పనిశాలలో చేసిన యంత్రమునకు గ్రామఫోను బాకాను తగిలించి లౌడుస్పీకరును తయారుచేసిరి. నాలుగు సంవత్సరముల తరువాత, 1919 సెప్టెంబరులో, అమెరికా అధ్యక్షుడు విల్సను శాన్ డియేగో నగరమున సుమారు 50,000 మంది జనులకు వినబడునట్లు మాటలాడినది వారి యంత్రముతోనే. ఆ సంవత్సరముననే ఆర్థరు గోర్డను వెబ్స్టరు అను భౌతికశాస్త్రజ్ఞుడు బాకాల గణితమును ప్రచురించెను. 1946లో పాలు క్లిప్షు అను ఇంజనీరు అర్కన్సా రాష్ట్రములోని హోపు అను ఊరిలో చిన్న రేకులషెడ్డులో బాకా స్పీకరులను నిర్మింప నారంభించెను. కావున పాఠశాల పనిగదిలోగాని ఇంటి అరుగుపైగాని బాకా చేయ బూనిన బాలుడు తనకు మించిన పనికి పూనుకొన్నట్లు తలపనక్కరలేదు. కాని ఆతడు ఒక సంగతిని మాత్రము మరువరాదు: సూత్రమును పుస్తకమునుండి తీసికొనవచ్చును, డ్రైవరును అంగడిలో కొనవచ్చును, ఆ రెండింటిని కలుపు పనితనమును మాత్రము ఎక్కడనుండియు తెచ్చుకొనుటకు వీలులేదు.

ఇందుకు ఒక లెక్కను చూపెదను. సెకనుకు 300 కంపనములుగల స్వరము మొదలుకొని పై స్వరములను పలుకుటకు ఒక గుండ్రని బాకాను చేయదలచితిమనుకొందము. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 344 మీటరులు ప్రయాణము చేయును. కావున ఆ స్వరముయొక్క తరంగదైర్ఘ్యము 115 సెంటీమీటరులకు కొంచెము తక్కువ. బాకా నోటి చుట్టుకొలత ఒక తరంగదైర్ఘ్యమంత ఉండవలెనను నియమము ననుసరించి నోటి వ్యాసము 36.5 సెంటీమీటరులగును. గొంతు వ్యాసము ఒక అంగుళము, అనగా 2.54 సెంటీమీటరులు. వైశాల్యము సమానమైన దూరములయందు రెట్టింపగుచు పోవు విధానమున, ప్రతి 6.3 సెంటీమీటరులకు ఒకమారు రెట్టింపుకావలెను. గొంతునుండి నోటికి వైశాల్యము సుమారు 206 రెట్లు పెరుగవలసియున్నది గనుక బాకా పొడవు ఇంచుమించు 48.6 సెంటీమీటరులు వచ్చును. దీనిని 18 మిల్లీమీటరుల మందముగల ప్లైవుడ్డు వలయములతో చేసినచో సరిగా 27 వలయములు కావలెను. వానిని ఒకదానిపై నొకటి బంకతో అంటించి, లోపలి మెట్లను చెక్కి, వంపు తీర్చవలెను. గణితము నేర్చిన ఏ విద్యార్థియైనను ఈ అంకెలను తానే సరిచూచుకొనవచ్చును.

ఇప్పుడు అసలు సంగతికి వచ్చెదము. ఈ బాకాను చెక్కునపుడు చేయి జారి, చుట్టును ఒక మిల్లీమీటరు ఎక్కువగా అరగదీసితి మనుకొనుడు. ఆ పొరపాటు నోటివద్ద జరిగినయెడల వైశాల్యము నూటికి ఒకవంతు మాత్రము మారును. ఎంతటి సూక్ష్మమైన చెవియును దానిని కనిపెట్టజాలదు. అదే పొరపాటు గొంతువద్ద జరిగినయెడల వైశాల్యము నూటికి పదునారు వంతులు మారిపోవును. డ్రైవరునుండి వచ్చు ధ్వని అచట హఠాత్తుగా వెడల్పును కలిసికొని, కొంత వెనుకకు తిరిగి పొరనే కొట్టును. పలుకు గరుకై, కొన్ని స్వరములు పొంగుచు కొన్ని అణగిపోవుచుండును. ఒకే మిల్లీమీటరు, ఒకచోట దోషమే కాదు, మరియొకచోట క్షమింపరాని దోషము. ఐనను మన విద్యార్థుల శ్రమ యెట్లు పంచబడుచున్నది? నోటివద్ద వలయములు వెడల్పు; చేయి దూరును; చెక్కవలసిన కొయ్యయు ఎక్కువ; చూచువారికి కనబడునదియు అదియే. కావున దినములకొలది అచటనే గరుకుకాగితము రుద్దబడును. గొంతునుండి మొదటి తొమ్మిది వలయములు దాటువరకు లోపలి వ్యాసము ఆరు సెంటీమీటరులే. అచటికి చేయి పోదు, కన్ను పోదు. కావున మనసును పోదు. బంక యుబికివచ్చి గట్టిపడిన చోట గట్టిపడినట్లే యుండిపోవును.

ఈ మాటలు ఇతరులను తప్పుపట్టుటకు వ్రాయుచున్నవి కావు. నేను మొదటిసారి చేసిన బాకాయే ఇందుకు సాక్షి. నోటి అంచునకు ఆరుమారులు లక్కపాలిషు పట్టించితిని. చూచినవారందరును అద్దమువలె నున్నదని మెచ్చుకొనిరి. ఒక సాయంకాలము పిల్లలు పద్యములు చదువుచుండగా, ఒక స్వరము వచ్చినపుడెల్ల ఆ బాకా తేనెటీగవలె గుయ్యిమనుచుండెను. డ్రైవరు చెడినదని నిశ్చయించుకొని, దానిని అమ్మినవానిని నిందించి, మరియొకటి తెప్పించితిని. అదియు అట్లే గుయ్యిమనెను. తుదకు బాకాను విప్పి దీపము వేసి చూడగా, గొంతులోని రెండవ అతుకువద్ద ఎండిపోయిన బంకబొట్టొకటి సగము ఊడి వ్రేలాడుచుండెను. దానిని తీసివేయుటకు అరనిమిషము పట్టినది. దానిని కనుగొనుటకు రెండు నెలలు పట్టినది. నిరపరాధియైన అంగడివానిని నిందించినందుకు కలిగిన సిగ్గు మాత్రము ఇంకను పోలేదు.

కావున బాకాను తీర్చు క్రమమును నోటినుండి గాక గొంతునుండియే ప్రారంభింపవలెనని నా అభిప్రాయము. ఇరువదియేడు వలయములను ఒక్కమారుగా అంటింపక, మొదటి తొమ్మిదింటిని మాత్రము అంటించి, రెండు కొసలనుండియు పని చేయుటకు వీలున్నపుడే లోపలిభాగమును పూర్తిచేయవలెను. గుండ్రని కఱ్ఱకు గరుకుకాగితమును చుట్టి త్రిప్పుచు, లెక్కప్రకారము కత్తిరించిన అట్టనమూనాను లోపల పెట్టి చూచుకొనుచుండవలెను. మొదట 80 అంకెగల ముతక కాగితము, పిమ్మట 120, తుదకు 240 చాలును. అతుకులయందలి పల్లములను లప్పముతో పూడ్చవలెను. మన కొండపల్లి బొమ్మలవారు తేలికయైన పొణికి కఱ్ఱతో చేసిన చేతులను, తలలను మొండెమున కతికి, చింతగింజల పిండియు రంపపుపొట్టును కలిపిన మక్కుతో అతుకులను పూడ్చి, అతుకున్నట్లే తెలియకుండ చేయుదురు. బాకా లోపల అట్టి నేర్పే కావలయును. కొయ్యపొడి ఊపిరితిత్తులకు హాని చేయును గనుక ఈ పనియంతయు ముక్కునకు, నోటికి ముసుగు కట్టుకొని గాలివచ్చు చోట చేయవలెనని వేరుగ చెప్పనక్కరలేదు.

ఐతే లోపలిభాగమును అద్దమువలె మెరయజేయవలెనా? అక్కరలేదు. సెకనుకు 10,000 కంపనములుగల సన్నని స్వరమునకు సహితము తరంగదైర్ఘ్యము 3 సెంటీమీటరులకు మించియుండును. అట్టి తరంగము వెండ్రుకమందపు గరుకును గుర్తింపదు. అది గుర్తించునది మెట్టును, సందును, వంపు హఠాత్తుగా మారుటను మాత్రమే. కావున లోపల రెండు పూతల వార్నీషు చాలును. ఆ పూత అందముకొరకు గాదు; కొయ్యయొక్క సన్నని రంధ్రములను మూసి గాలి చొరకుండ చేయుటకును, తేమవలన కొయ్య ఉబ్బకుండుటకును. ఇంగ్లండునందు 1930 ప్రాంతముల ఇ. ఎం. జి. అను సంస్థవారు నానబెట్టిన కాగితముతో పెద్ద పెద్ద గ్రామఫోను బాకాలను చేసి గొప్ప పేరుపొందిరి. కాగితమువంటి అల్పవస్తువైనను పొరమీద పొర శ్రద్ధగా అంటించినచో చక్కగా పలుకునని దీనివలన తెలియుచున్నది. మన బాలురు మైదాజిగురుతో కాగితపు బాకాను చేయవచ్చును. జిగురులో కొంచెము మైలుతుత్తమును కలిపినచో పురుగు పట్టదు. కాని అది విషము గనుక పెద్దల యెదుటనే కలిపి చేతులు కడుగుకొనవలెను. ఈ దినములలో కొందరు కంప్యూటరు సహాయమున పొరలుపొరలుగా వస్తువును ముద్రించు యంత్రముతో బాకాలను చేయుచున్నారు. వానియందును ముక్కలను అతికిన చోట్లు గలవు. పొరల గీతలు గలవు. యంత్రము మారినది గాని గొంతును తీర్చవలసిన బాధ్యత మారలేదు.

గోడల దృఢత్వమును గూర్చి ఒక మాట. మన తల్లులు సంతలో కుండను కొనునపుడు వ్రేలితో కొట్టి చూతురు. ఖంగున మ్రోగినచో మంచిదని పుచ్చుకొందురు. బొద్దుగా పలికినచో పగులున్నదని విడిచిపెట్టుదురు. బాకాకు పరీక్ష ఇదియే గాని ఫలితము తలక్రిందులు. వ్రేలితో కొట్టినపుడు బాకా మ్రోగరాదు. మ్రోగెడి బాకా తనకు పంపిన పాటకు తన పాటను కూడ చేర్చును. పలుచని రేకు బాకాలయందు ఈ దోషము అధికము. వెలుపలివైపున తారువంటి మెత్తని పూతను మందముగా పూయుటవలనగాని దట్టమైన గుడ్డను అంటించుటవలనగాని ఆ మ్రోత అణగును. వెలుపలి పూత ఎంత అందవికారముగా నున్నను చెవికి అది మేలే చేయును. ఇక నోటి అంచును గూర్చి: అది కత్తివలె వాడిగా ముగియరాదు. గుండ్రముగా వెనుకకు వంచవలెను, లేదా ముందుపలకతో సమముగా కలిసిపోవునట్లు చేయవలెను. వాడియైన అంచువద్ద ధ్వని చెదరి మరియొకచోటనుండి పుట్టినట్లు వినబడును. నోటివద్ద చేయు శ్రమలో చెవికి ఉపకరించునది ఇదియొక్కటియే.

బాకాను తీర్చుట ఒక యెత్తు. దానిని బిగించుట మరియొక యెత్తు. మొదటి నియమము: తీర్చు పనియంతయు ముగిసి, పొడియంతయు తుడిచిన పిమ్మటగాని డ్రైవరును ఆ గదిలోనికి తేరాదు. డ్రైవరునందు బలమైన అయస్కాంతము గలదు. ఆకురాయితో ఇనుమును రాచినపుడు రాలిన రజను దాని సందులోనికి లాగబడి చిక్కుకొన్నయెడల తీసివేయుట దాదాపుగా అసాధ్యము. రెండవ నియమము: గొంతునకును డ్రైవరునకును నడుమ పలుచని బెండుబిళ్ళనుగాని దళసరి కాగితపు బిళ్ళనుగాని ఉంచవలెను, దాని రంధ్రము గొంతుకంటె వెంట్రుకవాసి పెద్దదిగా నుండవచ్చును గాని లోనికి పొడుచుకొని రారాదు. పీడనము మిక్కిలి ఎక్కువగానుండు స్థలమిదియే గనుక సూదిమొనయంత సందు సహితము ఇచట బుసకొట్టును. మూడవ నియమము: బోల్టులను ఒకదానిని పూర్తిగా బిగించి మరియొకదానికి పోక, ఎదురెదురు వానిని కొంచెము కొంచెముగా బిగించుచు రావలెను. లేనియెడల డ్రైవరు ఒకవైపునకు ఒరగి, చక్కగా తీర్చిన గొంతునకే మెట్టు ఏర్పడును.

నాలుగవది బరువును గూర్చినది. ఇది ప్రాణములకు సంబంధించినదగుటచే దీనిని మిక్కిలి నొక్కి చెప్పుచున్నాను. డ్రైవరు మూడు కిలోగ్రాములుండి, ముందుపలకకు అరమీటరు వెనుక వ్రేలాడుచున్నదనుకొనుడు. చిన్న బరువు పొడవైన కఱ్ఱ చివర నున్నపుడు చేయి ఎంత నొచ్చునో ప్రతి బాలుడు ఎరుగును. ఆ భారమంతయు నోటి అంచునందలి మరమేకులపై పడును. మొదటి దినమున నిలుచును. పాట మ్రోగుచున్నంత సేపు అదరి అదరి మరమేకులు వదులగును. ఒకసారి మేము ఒక బాకాను బల్లపై ఊరక నిలిపి, దాని వెనుక ఏ ఆధారమును ఉంచకపోతిమి. సభ ముగిసి జనులు లేచుచుండగా అది వెనుకకు ఒరగి పడెను. కొంచెము ముందుగా అచట కూర్చుండిన ఒక చిన్న పిల్ల అప్పుడే తల్లియొద్దకు పోయియుండెను. పడిన చోట నేల పెచ్చు లేచినది. ఆ పెచ్చును చూచినపుడెల్ల నా గుండె ఝల్లుమనును. డ్రైవరు క్రింద దాని ఆకారమునకు తగిన కొయ్యదిమ్మను చెక్కి ఉంచి, పట్టీతో కట్టియుంచుటకు ఒక పూట పని చాలియుండెడిది. ఆ పూట పనిని మేము నోటి అంచు పాలిషునకు ఉపయోగించితిమి. బాకాను ఎత్తున వ్రేలాడదీయునపుడు ఒక కట్టు తెగినను నిలుచునట్లు రెండవ కట్టు వేరుగా ఉండి తీరవలెను. దానిక్రింద పిల్లలను కూర్చుండబెట్టరాదు.

ఐదవది స్థానమును గూర్చినది. మనము లెక్కించిన బాకాలో డ్రైవరు నోటికి 48.6 సెంటీమీటరులు వెనుక నుండును. దాని నోటిని, మందరస్వరములను పలుకు మరియొక స్పీకరుతో ఒకే వరుసలో నిలిపితిమేని, బాకా ధ్వని సెకనులో వేయింట ఒక వంతుకంటె ఎక్కువ ఆలస్యముగా చెవిని చేరును. రెండును కలియవలసిన స్వరములవద్ద ఒకదానినొకటి కొట్టివేసికొనును. కావున బాకా నోరు ముందునకు పొడుచుకొని వచ్చినను సరే, రెండింటి పొరలును ఇంచుమించు ఒకే వరుసలో నుండునట్లు నిలుపుట మేలు. కంటికిది ఎగుడుదిగుడుగా కనబడును. చెవికి సమముగా వినబడును. క్లిప్షు నిర్మించిన మూలబాకా ఈ విషయమున గొప్ప పాఠమును నేర్పుచున్నది. అది గది మూలయందు నిలిపినపుడు ఆ రెండు గోడలే బాకాయొక్క శేషభాగముగా పనిచేయును. ఆ తొలి నిర్మాణమున పెట్టెకును గోడకును నడుమ సందున్నచో మంద్రస్వరము ఆ సందున జారిపోవును. బిగించు స్థలముకూడ వాద్యములో భాగమేనని ఇంతకంటె స్పష్టముగా చెప్పు ఉదాహరణము నేనెరుగను.

ఇందుకు ఇద్దరు ఆక్షేపణ చేయుదురు. మొదటివారు, “లెక్క సరిగానున్నది, డ్రైవరు మంచిది; మిగిలినదంతయు అలంకారమే గదా, పరీక్షలకు చదువుకొనవలసిన దినములను గరుకుకాగితముతో ఏల గడుపవలెను?” అందురు. వీరి మాటలో కొంత సత్యము లేకపోలేదు. నోటి మెరుగు అలంకారమే. దానిని తగ్గించుకొనుడని నేనును చెప్పుచున్నాను. కాని గొంతు అతుకు అలంకారము గాదు. కాగితముపై వ్రాసిన సూత్రము కొయ్యలో నిజమగు స్థలమదియే. అచట మిల్లీమీటరు తప్పినచో ఆ బాలుడు చేసినది తాను లెక్కించిన బాకా గాదు, మరియొక బాకా. లెక్కలో తప్పునకు మార్కు తగ్గించు మనము, అదే లెక్క చేతిలో తప్పినపుడు ఏల ఊరకుండవలెను? రెండవవారు, “అంగడిలో సిద్ధముగా దొరకు బాకా యుండగా ఈ ప్రయాస ఏల?” అందురు. కొని తెచ్చుకొన్న బాకా బాగుగనే పలుకవచ్చును. కాని చెడినపుడు ఏది చెడినదో తెలిసికొను నేర్పు దానితోకూడ రాదు. చేతితో చేసినవానికి బాకా యొక మూసిన పెట్టెగాదు.

ఇంకొక బాధ్యతను చెప్పి ముగించెదను. బాకా అల్పశక్తితో అధికధ్వని నిచ్చును గనుక దానిని చేయువాడు ఇరుగుపొరుగువారి చెవులకు జవాబుదారి. 85 డెసిబెల్లులకు మించిన ధ్వనిని దినమునకు ఎనిమిది గంటలు వినుచుండినవారికి చెవుడు కలుగు ప్రమాదము గలదని వైద్యులు హెచ్చరింతురు. మన దేశమున 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమముల ప్రకారము రాత్రి 10 గంటలు మొదలు ఉదయము 6 గంటల వరకు బహిరంగస్థలముల లౌడుస్పీకరులు సామాన్యముగా నిషేధింపబడినవి. చక్కగా తీర్చిన బాకాకు ఒక సుగుణము గలదు: దాని మాట స్పష్టముగా నుండును గనుక బిగ్గరగా మ్రోయింప నక్కరలేదు. గరుకుగా పలుకు బాకానే జనులు అర్థముకాక ఇంకను పెంచుదురు. పెంచినకొలది ఇంకను అర్థముకాదు. మన పండుగలయందును సభలయందును చెవులు చిల్లులుపడు మైకులనేకము ఈ జాతిలోనివే.

కావున మన పాఠశాలల ప్రదర్శనములయందు ఒక చిన్న మార్పును కోరుచున్నాను. విద్యార్థి చేసిన బాకాను డ్రైవరు తీసివేసి, గొంతు కనబడునట్లు బల్లపై నుంచవలెను. ఉపాధ్యాయుడు మొదట గది చీకటిచేసి లోపల చిన్న దీపమునుంచి, ఏ అతుకునుండియైనను వెలుతురు బయటికి వచ్చుచున్నదేమో చూడవలెను. రెండవది, చిటికెనవ్రేలిని గొంతులో త్రిప్పి మెట్టు తగులునేమో చూడవలెను. మూడవది, వ్రేలితో కొట్టి మ్రోగునేమో వినవలెను. నాలుగవది, డ్రైవరును బిగింపజేసి, బాకాను మెల్లగా కదిపి ఆధారము గట్టిదేనా యని పరీక్షింపవలెను. తుదకు, చేతిఫోనునుండి మంద్రము మొదలు తారము వరకు ఒకే స్వరమును మెల్లగా పైకి జరుపుచు వాయించి, ఎచటనైన గుయ్యిమనునేమో వినవలెను. ఆ జారుస్వరము బాకా ఓర్చుకొనగల 300 కంపనములకు కొంచెము పైనుండియే ప్రారంభము కావలెను. అంతకు క్రిందిస్వరములయందు బాకా పొరకు ఆసరా నియ్యజాలదు గనుక పొర అతిగా కదలి చెడును. ఈ అయిదు పరీక్షలకును కలిపి పది నిమిషములు చాలును. రంగునకు, మెరుగునకు మార్కులు వీనిలో నెగ్గిన తరువాతనే.

తలిదండ్రులారా, మీ కుమారుడుగాని కుమార్తెగాని చేసిన బాకాను మీకు చూపినపుడు “ఎంత మెరయుచున్నది!” అని మాత్రమే అనవలదు. “లోపల ఎట్లు చేసితివి? వెనుక ఏమి ఆధారముంచితివి?” అని అడుగుడు. ఆ ప్రశ్నకు ఆ బిడ్డ ముఖము వికసించినయెడల పని చక్కగా జరిగినదని నమ్మవచ్చును. విద్యార్థులారా, మీరు తీర్చిన గొంతును డ్రైవరు బిగించిన పిమ్మట మీరుకూడ మరల చూడజాలరు. దాని సంగతి మీ చేతులకు మాత్రమే తెలియును. ఐనను సభలో చివరి వరుసయందు కూర్చుండిన వృద్ధురాలు, చదువుచున్న పద్యములోని ప్రతి అక్షరమును చెవికి చేయి అడ్డుపెట్టుకొనకయే వినుచున్నపుడు, ఆ దాగిన పని ఆమెకు చేరినట్లే. ఆమె దాని పేరెరుగదు. ఎరుగవలసిన పనియును లేదు.